కుక్కపిల్లా, హాల్లో పట్టా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల పేజీ మొత్తం కుక్కపిల్లల ఒంటికీ, రెంటికీ సంబంధించిన ప్రశ్నలకే కేటాయించాం.

ప్రశ్న: యాభై రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చుకుని వారమైంది. అరగంటసేపు పెరట్లో తిప్పినా ఒక్క చుక్క పొయ్యదు. లోపలికి తేగానే హాల్లో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పోసేస్తుంది. కావాలనే చేస్తోందా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కావాలని కాదు. పెరట్లో దానికి బోలెడు పనులు. చీమలు, ఎండుటాకులు, గోడ మీద పిల్లి. ఇన్నింటి మధ్య వచ్చిన పని మర్చిపోతుంది. లోపలికొచ్చి స్థిమితపడ్డాక గుర్తొస్తుంది. పట్టా మీదే ఎందుకంటే, అది మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది, కాళ్ళ మీద చింది పడదు. గడ్డికున్న గుణాలే పట్టాకూ ఉన్నాయి. ఏ నేల మీద పోయాలనేది పిల్లలకు ఏడు నుంచి తొమ్మిది వారాల వయసులో అలవాటు పడుతుంది. మీ పిల్ల సరిగ్గా ఆ వయసులో ఉంది. ముందు ఇంట్లో పట్టాలు, బాత్‌రూమ్ మ్యాట్లు, చిన్న కార్పెట్లు అన్నీ చుట్టి అటక మీద పెట్టేయండి. రెండు నెలలు వాటితో పనిలేదు.

ఇక వేళల సంగతి. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి. పిల్ల గరిష్ఠంగా అన్ని గంటలు బిగబట్టగలదని ఒక మోటు లెక్క. అంటే రెండు నెలలకు మూడు గంటలు. కానీ అది పడుకుని ఉన్నప్పటి మాట. మేలుకుని ఆడుతున్న పిల్లకు ముప్పావు గంట, గంటకే మూత్రపు సంచి నిండుతుంది. అందుకని నిద్ర లేవగానే, తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంటలోపు, ఆట మధ్యలో ఒకసారి, ఆట ఆగాక ఒకసారి, పడుకోబెట్టే ముందు ఒకసారి తప్పనిసరిగా బయటికి తీసుకెళ్ళాలి. ఇవికాక మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి. లెక్క వేస్తే రోజుకు పన్నెండు సార్లు దాటుతుంది. అవును, అన్నిసార్లు. మొదటి మూడు వారాలు ఇంటిల్లిపాదీ వంతులు వేసుకోవాల్సిందే.

తీసుకెళ్ళే పద్ధతి కూడా ముఖ్యమే. ఎత్తుకుని వెళ్ళండి, నడిపిస్తే గుమ్మంలోనే కానిచ్చేస్తుంది. ఆరడుగుల తాడు కట్టి, రోజూ ఒకే మూలకు తీసుకెళ్ళి, స్తంభంలా నిలబడండి. మాటల్లేవు, ఆటల్లేవు. తాడు అందినంత మేరే తిరగగలదు కాబట్టి అక్కడే వాసన చూసి విసుగెత్తి పని కానిస్తుంది. మొదలుపెట్టగానే మెల్లగా ఒక మాట అనండి, 'కానివ్వు' అనో ఇంకేదో. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. పూర్తయిన మరుక్షణం, ఒకటి రెండు సెకన్లలో, శనగ గింజంత ఉడికించిన చికెన్ ముక్కో, గుడ్డు ముక్కో నోట్లో పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. మధ్యలో 'శభాష్' అని గట్టిగా అరిచినా చెడుతుంది. సగంలో ఆపి మీ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, మిగతా సగం హాల్లో.

ఐదు నిమిషాలు చూసినా పోయలేదనుకోండి. ఇక్కడే చాలామంది తప్పుతారు. లోపలికి తెచ్చి వదిలేస్తారు. వదలకూడదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, లేదా తాడు కొస మీ నడుముకు కట్టుకుని పని చేసుకోండి, లేదా క్రేట్‌లో, అంటే పడుకోవడానికి వాడే తలుపున్న చిన్న బోనులో, పెట్టండి. పది, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ అదే మూలకు. పోసేవరకూ ఇదే వరస. పోసింది మొదలు మరో అరగంట ఇల్లంతా దానిదే. పోశాక వెంటనే లోపలికి లాక్కురాకండి, ఐదు నిమిషాలు బయట ఆడించండి. లేకపోతే 'పోస్తే షికారు అయిపోతుంది' అని నేర్చుకుని బిగబట్టడం మొదలుపెడుతుంది.

మూడు రోజులు ఒక కాగితం ఫ్రిజ్‌కు అంటించి, తిన్న వేళ, పోసిన వేళ, ఎక్కడ పోసిందీ రాయండి. మీ పిల్ల టైమ్‌టేబుల్ మీకే తెలిసిపోతుంది. గుండ్రంగా తిరగడం, నేల మూచూడటం, ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా పక్క గదిలోకి జారుకోవడం గమనిస్తే ఇక ఆలోచించకుండా ఎత్తుకోండి.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్. టీకాలు పూర్తయ్యేవరకు పిల్లను రోడ్డు మీద దించవద్దని డాక్టర్ చెప్పారు. మరి ఎక్కడ నేర్పాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: డాక్టర్ చెప్పింది సరైన మాట. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో అనే వైరస్, అది సోకిన కుక్క మలం ద్వారా మట్టిలో చేరి నెలల తరబడి బతికే ఉంటుంది. వీధి కుక్కలు తిరిగే చోట దించడం ప్రమాదమే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలైన టీకాలు మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పదహారు వారాల వరకు నడుస్తాయి. అంతవరకూ బాల్కనీయే మీ పెరడు.

రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, మూడంగుళాల లోతు ఉన్న ప్లాస్టిక్ ట్రే తీసుకోండి. అడుగున నాలుగు పొరల పాత న్యూస్‌పేపర్, పైన నర్సరీలో దొరికే లాన్ గడ్డి పలక. గడ్డి దొరక్కపోతే ఎర్రమట్టి, ఇసుక సమంగా కలిపి రెండంగుళాలు పరవండి. వట్టి పేపర్ మీద నేర్పితే తొందరగా వస్తుంది కానీ తర్వాత చిక్కు. మీరు సోఫాలో పరిచిన పేపర్ కూడా దానికి టాయిలెట్టే అవుతుంది. గడ్డి, మట్టి మీద అలవాటైన పిల్ల రేపు కిందికి దిగినప్పుడు మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు.

ట్రేను దాని పడకకూ, అన్నం గిన్నెకూ దూరంగా పెట్టండి. మలం వెంటనే తీసేయాలి. గడ్డిని వారం, పది రోజులకు మార్చాలి. అయితే కొత్త గడ్డి వేసేటప్పుడు పాత తడి తగిలిన చిన్న ముక్క ఒకటి అందులో ఉంచండి, వాసనే దానికి గుర్తు. బాల్కనీ కమ్మీల సందులు మూడంగుళాలకు మించితే వల కట్టండి. ట్రే నీళ్ళు కింది ఫ్లాట్‌లోకి కారకుండా చూసుకోండి. కుక్కను పెంచుకునేవాళ్ళ మీద అపార్ట్‌మెంట్‌లో మొదలయ్యే తగువులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

టీకాలు పూర్తయ్యి, డాక్టర్ సరేనన్నాక ఆ ట్రేలోని మట్టిని గుప్పెడు తీసుకెళ్ళి కింద మీరు ఎంచుకున్న చోట చల్లండి. పొద్దున్నే మొదటి విడత అక్కడే చేయించండి. లిఫ్ట్‌లో మాత్రం ఎత్తుకునే ఉండాలి.

ప్రశ్న: పోసిన చోటికి లాక్కెళ్ళి ముక్కు రాసి, పేపర్ చుట్టతో రెండు తగిలిస్తే దారికొస్తుందని మా మామయ్యగారు అంటారు. తిడితే తప్పు చేసినట్టు ముఖం కూడా పెడుతోంది. అంటే తెలుస్తున్నట్టే కదా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ మామయ్యగారి కాలంలో కుక్క వసారా దాటి లోపలికి వచ్చేది కాదు, అందుకే ఆ పద్ధతి పనిచేసినట్టు అనిపించి ఉంటుంది. ఆ ముఖం సంగతి ముందు చూద్దాం. 2009లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ దీన్నే పరీక్షించారు. తినవద్దన్న తినుబండారం కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిడితే చాలు, ఆ 'తప్పు ముఖం' పెట్టేసింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఇంకా ఎక్కువగా పెట్టాయి. చెవులు వాల్చడం, చూపు తిప్పుకోవడం భయానికి గుర్తులు, పశ్చాత్తాపానికి కావు.

కొడితే అది నేర్చుకునేది వేరు. 'మనిషి ఎదుట పోస్తే దెబ్బలు' అని నేర్చుకుంటుంది. అప్పటినుంచి సోఫా వెనకా, మంచం కిందా పోస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మీరు తాడు పట్టుకుని పక్కన నిలబడితే బయట కూడా పోయదు. మొదటి ప్రశ్నలో చెప్పిన పద్ధతి మొత్తం మీ ఎదుట పోయడం మీదే ఆధారపడి ఉంది, అది కాస్తా పోతుంది. కొన్ని పిల్లలు దొరక్కుండా మలాన్ని తినేయడం కూడా చూస్తాం.

కళ్ళెదుట పోస్తుంటే చప్పట్లు ఒకసారి చరచి, అది ఆగగానే ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళండి. మిగతాది అక్కడ పోస్తే ముక్క పెట్టండి. పోసి ఐదు నిమిషాలైన తర్వాత చూశారా, ఇక చేయగలిగింది తుడవడమే. మామయ్యగారికి కోపం ఆగకపోతే ఆ పేపర్ చుట్టను గడ్డి ట్రే అడుగున పరవమనండి.

ప్రశ్న: రోజూ ఫినాయిల్‌తో తుడుస్తున్నాం. అయినా అదే మూల, అదే పని. ఎందుకు?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది, కుక్క ముక్కును కాదు. పైన ఫినాయిల్ ఘాటు, కింద మూత్రం వాసన, రెండూ దానికి విడివిడిగా తెలుస్తాయి. పైగా నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు కుక్కలకు విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికి పోతాయి. మూత్రం మీద బ్లీచింగ్ అసలు వద్దు, అందులోని అమ్మోనియాతో కలిసి ఊపిరికి హాని చేసే వాయువు పుడుతుంది.

ముందు పాత గుడ్డతో అద్ది తడి పీల్చేయండి. రుద్దితే పరుచుకుంటుంది. ఆ తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు, సాధారణంగా పది పదిహేను నిమిషాలు, తడిగా వదిలేయాలి. చాలామంది పోసిన వెంటనే తుడిచేసి, ఇది పనిచేయదంటారు. ఎంజైములకు మూత్రాన్ని విరగ్గొట్టే వ్యవధి కావాలి. అది దొరక్కపోతే ఎంజైములున్న బట్టల పొడి ఒక పాలు, గోరువెచ్చని నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి కడిగి, మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. సిరామిక్ టైల్స్ అయితే వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి వాడొచ్చు. మార్బుల్, కడప రాయి మీద మాత్రం వెనిగర్, నిమ్మరసం వాడొద్దు. రెండూ సున్నపు జాతి రాళ్ళే, ఆమ్లం తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది.

టైల్స్ సందుల్లోని సిమెంటు గీతలు తడిని దాచుకుంటాయి, అక్కడ క్లీనర్ ఎక్కువ పట్టించాలి. ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే రాత్రి లైట్లార్పి అతినీలలోహిత టార్చి వేసి చూడండి, పాత మరకలు వెలుగుతాయి. శుభ్రం చేశాక ఆ మూలలో దాని అన్నం గిన్నె పెట్టి చూడండి. తినే చోట పోయడానికి కుక్కలు సాధారణంగా ఇష్టపడవు.

ప్రశ్న: భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగాలకు తొమ్మిదికి వెళ్ళి ఆరింటికి వస్తాం. రెండు నెలల పిల్ల. రాత్రిళ్ళు కూడా రెండుసార్లు తడుపుతోంది.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రాత్రి సులువు, పగలు కష్టం. రాత్రి క్రేట్‌ను మీ మంచం పక్కనే పెట్టండి. లేచి నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంటే చాలు. ఎక్కువైతే ఒక కొసన పోసి ఇంకో కొసన పడుకుంటుంది. పడుకున్న మూడు గంటలకు అలారం పెట్టుకుని, అది ఏడవకముందే ఎత్తుకెళ్ళి, లైటు వేయకుండా, పలకరించకుండా పోయించి తెచ్చి పడుకోబెట్టండి. మూడు రోజులు తడవకపోతే అలారం పావుగంట ఆలస్యంగా మోగేలా జరపండి. నాలుగు నెలలు నిండేసరికి చాలా పిల్లలు, పైన చెప్పిన మోటు లెక్కను దాటి, రాత్రి ఆరేడు గంటలు పడుకుంటాయి.

పగలు తొమ్మిది గంటలు ఏ రెండు నెలల పిల్లా ఆపుకోలేదు. క్రేట్‌లో బంధించి వెళ్తే తన పడకలోనే పోసుకోక తప్పదు. పడుకునే చోట పోయడమంటే ఉన్న అసహ్యం ఒకసారి పోయిందంటే రాత్రి క్రేట్ కూడా పనిచేయదు. నాలుగడుగులు ఆరడుగుల చోటును అడ్డుగోడలతో కట్టి, ఒక కొసన పడక, నీళ్ళు, ఇంకో కొసన గడ్డి ట్రే పెట్టండి. మధ్యాహ్నం పన్నెండు, మూడు గంటలకు వచ్చిపోయే మనిషిని మాట్లాడుకోండి. అది కుదరకపోతే నిష్ఠూరంగానే చెప్పాలి, మీ ఇంటికి ఏడాది దాటిన కుక్క సరిపోయేది.

ప్రశ్న: పాలన్నం పెడుతున్నాం. రోజుకు ఆరేడుసార్లు పల్చగా వెళ్తోంది. ఎండాకాలం కదా, నీళ్ళు తగ్గిస్తే పోయడం తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నీళ్ళు తగ్గించవద్దు. మీ ఊరి ఎండలకు పిల్ల వడదెబ్బ తింటుంది. తగ్గించాల్సింది పాలు. తల్లిపాలు మానిన పిల్లల్లో పాలలోని లాక్టోజ్‌ను అరిగించే శక్తి తగ్గిపోతుంది, విరేచనాలు అందుకే. పల్చటి విరేచనం ఎంత శిక్షణ ఇచ్చినా ఆగదు. పాలు మానేసి పప్పీ ఫుడ్‌ను గానీ, మెత్తగా ఉడికించిన అన్నం, చికెన్‌ను గానీ రోజుకు నాలుగు పూటలు, రోజూ అవే వేళలకు పెట్టండి. గిన్నె పదిహేను నిమిషాల తర్వాత తీసేయాలి. రోజంతా గిన్నె నిండుగా ఉంటే రోజంతా వెళ్తూనే ఉంటుంది. మార్పు చేసిన రెండు రోజుల్లో గట్టిపడకపోతే మలం పరీక్ష చేయించి, నులిపురుగుల మందు తేదీ చూసుకోండి. రక్తం పడినా, వాంతులైనా, తిండి మానేసినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

ప్రశ్న: ఐదు నెలల ఆడపిల్ల. నెలగా బుద్ధిగా బయటే పోసేది. నాలుగు రోజులుగా ఇల్లంతా చుక్కలు చుక్కలుగా పోస్తోంది. మొండికేసిందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆడపిల్లల్లో ఎక్కువ. మాటిమాటికీ కూర్చుని రెండు చుక్కలు పోయడం, అక్కడ నాక్కోవడం, ముక్కడం, రంగు ఎర్రబారడం చూడండి. పొద్దున మొదటిసారి పోసేటప్పుడు శుభ్రమైన వెడల్పు గరిటె కింద పట్టి, స్టెరైల్ సీసాలో పోసి రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచండి. మీరు ఇంటికి రాగానే మాత్రమే, ఒళ్ళు తిప్పుకుంటూ చుక్కలు రాలుస్తుంటే అది జబ్బు కాదు, ఉత్సాహం. వచ్చిన వెంటనే పలకరించకుండా, కళ్ళలోకి చూడకుండా నేరుగా బయటికి తీసుకెళ్ళి, అక్కడ పోశాక ముద్దు చేయండి.