మీడియా పరిశోధనలో నయా ఉదారవాదాన్ని ఏ కోణంలో చదవాలి?

నయా ఉదారవాదం అంటే వీలైనంతవరకు అన్నిటినీ మార్కెట్‌కు వదిలేయాలనే ఆలోచన; దాన్ని చదవడానికి ఇక్కడ రెండు దారులు చెబుతాను. మీ ప్రాజెక్టు భీమవరం వైపు రొయ్యల సాగు వార్తలపై కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. రాజకీయార్థిక పద్ధతి డబ్బు వెంట నడుస్తుంది: పత్రిక ఎవరిది, ప్రకటనలు ఎవరివి, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఏం మారింది. మేత కంపెనీ ప్రకటన వచ్చిన జిల్లా పేజీలో కాలువల కాలుష్యం వార్తకు చోటు దొరికిందో లేదో చూడండి.

ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో 1978-79 ఉపన్యాసాల నుంచి వచ్చిన దారి వేరు. మనిషి తనను తానే ఒక చిన్న వ్యాపార సంస్థగా ఎలా చూసుకుంటాడో వెతుకుతుంది. 'ఎకరానికి లక్షలు' తరహా యూట్యూబ్ ఇంటర్వ్యూలు గమనించండి. లాభమొస్తే రైతు తెలివి, వైరస్ తగిలి చెరువు పోతే రైతు అజాగ్రత్త. కౌలు, కరెంటు బిల్లు, ఎగుమతి ధరల ఊసే ఉండదు. మీ అంశానికి ఇదే ఎక్కువ పదునని నా అభిప్రాయం. అలాగని యాజమాన్యం లెక్కలు వదిలేయకండి. మార్కెట్ మాట వినిపించిన ప్రతిచోటా 'నయా ఉదారవాదం' అనే ముద్ర కొట్టేయొద్దు.