మర విప్పే ముందు

చిరంజీవి పద్మకు పెదనాన్న ఆశీస్సులు.

కాఫీ మరలో గింజలు నలిపే పళ్ల ప్లేట్లు నువ్వే మారుస్తానన్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. బెంగళూరు మెకానిక్కు వచ్చేదాకా అంగడి మూసుకోవడం ఎందుకన్నావట. బాగా అన్నావు. సంతోషానికో బెంగకో, రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను.

పళ్లు అరిగిన మాట నిజమే. పోయిన నెల నువ్వు పంపిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాను. మైదాలాంటి నుసి, రవ్వలాంటి పలుకు రెండూ ఉన్నాయి. నుసి ఫిల్టరు కన్నాలను మూసేస్తుంది, పలుకులో సారం దిగకుండా ఉండిపోతుంది. పొడి వేడిగా వస్తోందని అప్పుడే ఎందుకు చెప్పలేదు?

కొత్తవి జతగానే కొను. వెడల్పు, మందం, మరమేకుల కన్నాల మధ్య దూరం కొలుచుకో. మర ఎటు తిరుగుతుందో చూసి, ఆ వైపుకు కోసిన పళ్లే అడుగు. బంగారు రంగు టైటానియం పూత ఉన్నవి ఎక్కువ కాలం మన్నుతాయి, అంతే. దానికోసం అప్పు చేయకు.

ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకో. స్విచ్చిని నమ్మకు.

1991 ఉగాదికి రెండు రోజుల ముందు జరిగింది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు. అనంతపురంలో అప్పుడు కరెంటు ఎప్పుడు పోయేదో, ఎప్పుడు వచ్చేదో తెలిసేది కాదు. మధ్యాహ్నం పోగానే, వచ్చేలోపు ప్లేట్లు మార్చేద్దామని మర విప్పాను. ప్లేటు కూర్చునే గూట్లో ఏళ్ల తరబడి కాఫీ నూనెతో అట్టకట్టిన పొడి ఉంది. గుడ్డతో ఒక తుడుపు తుడిచాను. చేతికి నున్నగానే తగిలింది. కొత్తవి పెట్టి, ఒక మరమేకును చివరిదాకా బిగించాకే రెండోది అందుకున్నాను. కరెంటు వచ్చింది. మర తిరుగుతుంటే చింగ్ చింగ్ మని సన్నని చప్పుడు. కొత్తవి కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను. పన్నెండు కిలోల పీబెర్రీ కాఫీ గింజలు ఆడించి పొట్లాలు కట్టాను.

పండుగ మరునాడు, అంగడి తెరిచిన నాటినుంచి మన దగ్గరే కొనే టీచరమ్మ పొట్లం వెనక్కి తెచ్చింది. కోప్పడలేదు. పొడిని కాగితం మీద పరిచి, బడిలో పిల్లలకు చూపించే అయస్కాంతాన్ని దానిపై ఆడించింది. దానికి బూడిదరంగు మీసం మొలిచింది. "మా మనవడు కూడా తాగాడు బాబూ" అంది. ఎవరెవరు కొన్నారో గుర్తు చేసుకుంటూ సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగాను. కొన్ని ఇళ్లలో అప్పటికే పొట్లం ఖాళీ.

విప్పి చూస్తే గూట్లో ఒక పక్కన ఆవగింజంత మందమైనా లేని అట్ట. దానికే ప్లేటు ఒరిగి, ఎదుటి ప్లేటును రాసుకుంది.

అందుకే చెబుతున్నాను తల్లీ, గూడు లోహం మెరిసేదాకా వెదురు పుల్లతో గీకు, బ్రష్షుతో దులుపు. నీళ్లు తగలనివ్వకు. టార్చి వేసి చూడు. మూడు మరమేకులనూ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించు. పళ్ల అంచు చుట్టూ మార్కర్ పెన్నుతో రంగు పూసి, చేత్తో తిప్పుతూ ప్లేట్లు తాకేదాకా దగ్గరకు తీసుకురా. రంగు చుట్టూ సమానంగా చెరగాలి. ఒక పక్కే చెరిగితే మళ్లీ విప్పు. ఎన్నిసార్లయినా విప్పు. ఆదివారం కుదరకపోతే సోమవారం కూడా అంగడి మూసెయ్, నష్టమేమీ లేదు. అన్నీ కుదిరాక రంగు తుడిచి, రెండు మూడు కిలోల పాత గింజలు ఆడించు. కొత్త పళ్ల కరుకు తగ్గుతుంది. ఆ పొడిని ఎవరికీ అమ్మొద్దు.

ఆ అయస్కాంతాన్ని టీచరమ్మ నాకే ఇచ్చి వెళ్లింది. పార్సిల్లో పంపుతున్నాను. మొదటి వారం ప్రతి వాయికీ పొడి మీద ఆడించు.

ఆదివారం మర వేయగానే ఫోను చెయ్యి. ఏమీ మాట్లాడకు, ఫోను మర దగ్గర పెట్టు. చప్పుడు వింటాను.

మీ పెదనాన్న