ఫోటో ఎక్కింది, మరి తెరుచుకోదేటి?

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది పొందూరు. మా వీధిలో నేతవాళ్ళ ఖద్దరు చీరలు, పంచెలు అమ్మడానికి చిన్న వెబ్‌సైట్ చేస్తన్నాను. సర్వర్ నుంచి ప్రీసైన్డ్ యూఆర్ఎల్ (కాసేపు పనిచేసే అనుమతి లింకు) తీసుకుని, ఫోటోని ఫార్మ్‌డేటాలో పెట్టి, బ్రౌజర్ నుంచే అమెజాన్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజీ ఎస్3 బకెట్‌లోకి పుట్ (ఫైల్ దాచమనే రిక్వెస్ట్) చేస్తన్నాను. 200 వస్తంది, బకెట్‌లో ఫైల్ కనిపిస్తంది, ఓపెన్ చేస్తే మాత్రం ఫోటో రాదు. పర్మిషన్లన్నీ మార్చి చూశాను, చివరికి బకెట్ మొత్తం పబ్లిక్ చేసేసినా అంతే. ఫోన్లో స్టోరేజీ చాలక ఒరిజినల్స్ డిలీట్ చేసేశాను, కొన్ని చీరలు అమ్ముడైపోయాయి కూడా. ఇప్పుడేటి చెయ్యాలి?

జవాబు: ఫోటోలు పోలేదు చెల్లెమ్మా, ముందు ధైర్యంగా ఉండు. ఆ బకెట్ పబ్లిక్ చేసింది మాత్రం ఇప్పుడే వెనక్కి తీసెయ్, 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లకి పబ్లిక్ యాక్సెస్ మూసే ఇస్తన్నారు, అది మన మంచికే. అయినా పర్మిషన్ సమస్య అయితే నీకు 403, అంటే అనుమతి లేదని, వచ్చుండేది, ఫైల్ చేతికి వస్తోంది అంటే పర్మిషన్ బాగానే ఉంది, తేడా ఫైల్ లోపలే ఉంది.

200 అంటే "నువ్వు పంపిన బైట్లు పంపినట్టు దాచాను" అని, అంతవరకే. అది చీర ఫోటోనా ఇంకోటా అని ఎస్3 చూడదు. అందుకే ఇలాంటప్పుడు కోడ్ అటూ ఇటూ మార్చేకన్నా ఎక్కిన ఫైల్‌ని కిందకి దించి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడాలి, నా లెక్కలో అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని అదే. నువ్వు ఫార్మ్‌డేటా అని రాశావు కాబట్టి నీ ఫైల్ మొదటి లైన్లో వరసగా గీతలు, దాని పక్కన వెబ్‌కిట్‌ఫార్మ్‌బౌండరీ అని, ఆ కింద కంటెంట్-డిస్పోజిషన్ అని, నీ ఫైల్ పేరు, ఇవన్నీ కనిపిస్తాయి చూడు. ఫార్మ్‌డేటా ఫోటో చుట్టూ ఒక కవరు వేస్తాది, మామూలు సర్వర్ అయితే మల్టర్ లాంటి లైబ్రరీ ఆ కవరు చింపి లోపల ఫోటో తీసుకుంటాది, కానీ పుట్‌కి అలా చింపేవాళ్ళు ఎవరూ లేరు, కొరియర్‌లో వచ్చిన చీరని ప్యాకింగ్‌తో సహా బీరువాలో పెట్టేసినట్టు మొత్తం అలాగే దాచేస్తాది.

దిద్దుబాటు చిన్నదే. ఫైల్ పంపే ఫెచ్‌లో బాడీ దగ్గర ఫార్మ్‌డేటా తీసేసి ఫైల్‌నే నేరుగా ఇవ్వు, హెడర్‌లో కంటెంట్-టైప్ (ఫైల్ ఏ రకమో చెప్పేది) ఇమేజ్/జేపెగ్ అని పెట్టు. యూఆర్ఎల్ సైన్ చేసేటప్పుడు కూడా కంటెంట్-టైప్ కలిపి ఉంటే రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి, లేకపోతే సిగ్నేచర్ కలవలేదని 403 ఇస్తాది. ఫార్మ్‌డేటానే వాడాలనుకుంటే దానికి ప్రీసైన్డ్ పోస్ట్ అని వేరే పద్ధతి ఉంది, అందులో ఫైల్ అన్నిటికన్నా చివరి ఫీల్డ్‌గా వెళ్ళాలి. దాంట్లో ఫైల్ సైజుకి హద్దు పెట్టుకునే వీలు కూడా ఉంది, నేతవాళ్ళే సొంతంగా ఫోన్ల నుంచి ఎక్కించేటట్టయితే నేను అదే పెట్టుకోమంటాను.

ఇక పాత ఫోటోలు. కవరు లోపల ఫోటో చెక్కుచెదరకుండా ఉంది. చిన్న స్క్రిప్టు రాసి, ఫైల్‌ని టెక్స్ట్‌గా కాకుండా బైట్లుగానే చదివి, ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లు ఎక్కడ మొదలయ్యాయో వెతుకు, జేపెగ్ ఏదైనా అక్కడ్నుంచే మొదలవుతాది. దానికి ముందున్నది కోసెయ్, చివర్లో ఉన్న బౌండరీ లైన్ కూడా కోసెయ్, మిగిలింది నీ ఫోటో. ఒకటి తీసి చూసి సరిగ్గా వచ్చాకే మిగతావి చెయ్యి, సేవ్ చేసేది కొత్త పేరుతోనే, పాత ఫైళ్ళ మీద రాయొద్దు. నోట్‌ప్యాడ్‌లో చూడు అన్నాను గానీ అందులో సేవ్ మాత్రం కొట్టకు. బైట్లని యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా చదివి మళ్ళీ రాస్తే అర్థం కాని ప్రతి బైటు స్థానంలో ఈఎఫ్ బీఎఫ్ బీడీ అని పడిపోతాది, అప్పుడు ఇక ఎవరూ వెనక్కి తేలేరు.

ప్రశ్న: సార్, విజయనగరం నుంచి రాస్తున్నాను. రిక్వెస్టులు పంపి చూసే టూల్ పోస్ట్‌మన్‌లో అప్‌లోడ్ అవుతోంది, అదే యూఆర్ఎల్ బ్రౌజర్‌లో పెడితే సీఓఆర్ఎస్ అని ఎర్రగా వస్తోంది. కోడ్ తప్పా?

జవాబు: కోడ్ తప్పు కాదు బాబూ. పోస్ట్‌మన్‌కి ఒక సైట్ నుంచి ఇంకో చోటికి పంపొచ్చా అని చూసే సీఓఆర్ఎస్ రూల్ లేదు, బ్రౌజర్‌కే ఉంది, అది పుట్ కన్నా ముందు ఆప్షన్స్ అని ఒక రిక్వెస్ట్ పంపి ఈ సైట్ నుంచి పంపొచ్చా అని అడుగుతుంది. బకెట్ పర్మిషన్స్ పేజీలో కిందకి వెళ్తే సీఓఆర్ఎస్ సెట్టింగ్ ఉంటుంది, అక్కడ నీ సైట్ అడ్రసు, పుట్ మెథడ్, కంటెంట్-టైప్ హెడర్ మూడూ రాయి. అడ్రసు చివర స్లాష్ పెట్టకు, చాలామందికి అక్కడే ఆగిపోతోంది.

ప్రశ్న: పలాస నుంచి. జీడిపప్పు గ్రేడ్ల ఫోటోలు పైథాన్‌లో పిల్లో (ఫోటోలు మార్చే లైబ్రరీ) పెట్టి చిన్నవి చేసి బోటో3 (ఎస్3కి పంపే లైబ్రరీ)తో పంపుతున్నాను అండి. ఎర్రర్ రాదు, కానీ ఫైల్ సైజు 0 బైట్లు.

జవాబు: పిల్లో ఫోటోని బైట్స్‌ఐఓలో (మెమరీలో ఉండే తాత్కాలిక ఫైల్) సేవ్ చేశాక, చదివే చోటు చూపే పాయింటర్ చివర్లో ఉండిపోతుందండి, బోటో3 అక్కడ్నుంచి చదవడం మొదలుపెడితే చదవడానికి ఏమీ మిగల్లేదు, ఆ ఏమీ లేనిదాన్నే పంపేసి పని అయిపోయిందనుకుంటుంది. సేవ్ తర్వాత, అప్‌లోడ్‌కి ముందు సీక్ 0 అని ఒక్క లైన్ పెట్టండి. అలాగే ఎక్స్‌ట్రాఆర్గ్స్‌లో కంటెంట్-టైప్ ఇవ్వండి, లేకపోతే బైనరీ/ఆక్టెట్-స్ట్రీమ్ అని పడి, కొనేవాళ్ళు లింక్ నొక్కితే ఫోటో కనిపించకుండా డౌన్‌లోడ్ అయిపోతుంది.