ఖాకీ వేసుకోబోతున్న చిట్టికి అత్త రాస్తున్న ఉత్తరం

చిట్టీ,

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళ జాబితాలో నీ పేరుందని నిన్న సాయంత్రం మీ నాన్న ఫోను చేశాడు. చెబుతుంటే వాడి గొంతు వణికింది. ఫోను పెట్టేసి దేవుడి దగ్గర దీపం వెలిగించి, చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మా నాన్న ఉండి ఉంటే వీధి వీధంతా మిఠాయి పంచేవాడు.

సంతోషం వెనకే భయమూ వచ్చింది. నీ పరుగు గురించి, మోకాళ్ళ గురించి, తిండి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నా ధ్యాసంతా నీ చర్మం మీదే. ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్‌ఎమ్‌గా అంటే ఊళ్ళల్లో ఆరోగ్య కార్యకర్తగా, ఇల్లిల్లూ తిరిగినదాన్ని కదా. తొమ్మిది నెలలు ఎండలో కవాతు, మందపాటి ఖాకీ, నడుముకు బిగించిన బెల్టు, పొద్దున తొడిగితే సాయంత్రం దాకా విప్పని బూట్లు, ఒకే గదిలో ఇంతమంది పిల్లలు. తామరకూ గజ్జికీ ఇంతకంటే ఏం కావాలి?

రోజూ రెండు పూటలా స్నానం చెయ్యి. తువ్వాలు, దువ్వెన, సబ్బు ఎవరికీ ఇవ్వకు, ఎవరివీ వాడకు. నూలు లోదుస్తులు ఎనిమిది జతలు పెట్టుకో. ఒళ్ళు పూర్తిగా ఆరాకే బట్టలు తొడుక్కో. చంకలు, తొడల సందులు, కాలివేళ్ళ సందులు ప్రత్యేకంగా తుడుచుకో. చెమటకాయలు వస్తే చన్నీళ్ళ స్నానం, వదులు బట్టలు చాలు. మొటిమలు గిల్లకు.

ఇక నీకు పదేళ్ళుగా చెప్పకుండా దాచిన సంగతి.

నీ నడుము పక్కన, తొడల లోపలి వైపున గీతలున్నాయి. వైద్య పరీక్షకు వెళ్ళేముందు, ఇవేమిటని అడుగుతారేమో అత్తయ్యా అని నాకు ఫోను చేశావు. ఎదిగే వయసులో అందరికీ వచ్చేవేలే అన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ. ఆ గీతలు నా చేతి పని.

2015 వేసవి సెలవులకు నువ్వు పార్వతీపురం వచ్చావు. లంగా బొందు బిగించే చోట రూపాయి బిళ్ళంత మచ్చ. అంచు ఎర్రగా ఉబ్బి పొలుసులు కట్టి ఉంది, మధ్యలో చర్మం మామూలుగా ఉంది. చూడగానే తామర అని తెలిసింది. రెండు రోజుల్లో మా మరిది కూతురి పెళ్ళి. పట్టులంగా కట్టుకోవాల్సిన పిల్ల గోక్కుంటూ కూర్చుంటుందేమో అన్నదే నా బెంగ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. మందుల షాపుకు వెళ్ళి తామరకు ఏదైనా ట్యూబు ఇమ్మన్నాను. అతనిచ్చాడు. దాని మీద ఏముందో నేను చదవలేదు. ఊరందరికీ మందు చీటీలు చదివి చెప్పినదాన్ని, నీకు రాసే మందు పేరు చదవలేదు.

మూడో రోజుకు దురద పోయింది. ఎరుపూ తగ్గింది. అత్తయ్య చెయ్యి మంచిదని నువ్వు అందరికీ చెప్పావు. ఆ మాటకు మురిసిపోయి, వెళ్ళేటప్పుడు మిగిలిన ట్యూబు నీ సంచిలో పెట్టి, మళ్ళీ వస్తే రాసుకోమన్నాను.

మళ్ళీ వచ్చింది. రాస్తే తగ్గేది, మానితే ముందుకంటే వెడల్పుగా లేచేది. సంక్రాంతికి నేను వచ్చేసరికి నడుము చుట్టూ, తొడల దాకా వలయం లోపల వలయం. మీ నాన్నకూ మీ అమ్మకూ అంటుకుంది. తరగతిలో నీ పక్కన ఎవరూ కూర్చోవడం లేదని రాత్రి నా ఒళ్ళో తల పెట్టుకుని చెప్పావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే నిన్ను విశాఖపట్నం తీసుకెళ్ళాను, గుర్తుందా? చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు ట్యూబు చూపించమంది. నిన్ను బయట కూర్చోబెట్టి, దాని మీద అక్షరాలు నాతోనే చదివించింది. తామరను తెచ్చే ఫంగస్‌ను చంపే మందు, బాక్టీరియాను చంపే మందు, వాటితో పాటు క్లోబెటాసాల్. అది చాలా బలమైన స్టెరాయిడ్. ఫంగస్‌తో పోరాడుతూ ఒళ్ళు చేసే గొడవే దురద, ఎరుపు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. మనకు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ నిశ్చింతగా పెరుగుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మడతల దగ్గర చీలినట్టు గీతలు పడతాయి. మాత్రలు, పైపూత, ముగ్గురికీ ఒకేసారి వైద్యం. తామర పోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. గీతలు పోతాయా అని అడిగాను. రంగు తగ్గుతుంది, గీత ఉండిపోతుంది అంది.

నన్ను తిట్టు, ఫరవాలేదు. కానీ ఆ ట్యూబు మళ్ళీ నీ చేతికి రానివ్వకు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. నీ గదిలో ఎవరో ఒకరు, నాకు రెండు రోజుల్లో తగ్గిందని తన ట్యూబు ఇస్తారు. తీసుకోకు. క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్, ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకో. తామరకు రాసే క్రీములో వీటిలో ఏదున్నా పక్కన పెట్టు. వెల్లుల్లి ముద్ద, జిల్లేడు పాలు కూడా వద్దు, చర్మం కాలి పుండవుతుంది. డాక్టరు ఇచ్చిన మందును మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర రాయి. దురద పోగానే ఆపకు, చెప్పినన్ని వారాలూ రాయి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరేసి, నడుము పట్టీ దగ్గర గట్టిగా ఇస్త్రీ చెయ్యి.

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న పొక్కులొస్తే అది గజ్జి. నీ ఒక్కదానికే మందు వాడితే లాభం లేదు, గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి. సిగ్గుపడి దాచేవాళ్ళుంటారు. నువ్వే ముందు నోరు విప్పు.

బూట్ల గురించి చెప్పాలంటే నాకు ఒక కుర్రవాడు గుర్తొస్తాడు. సాలూరు వైపు ఒక ఊరు. పిక్క మీద పాలిపోయిన మచ్చ ఉంటే శోభి అనుకుని రెండేళ్ళు పట్టించుకోలేదు. చెప్పులోంచి మేకు దిగి అరికాలు రక్తమోడుతుంటే, ఇంట్లో నేల మీద మరకలు చూసి వాళ్ళమ్మ చెప్పేదాకా వాడికి తెలియలేదు. అది కుష్టు, ఆ పాదానికి స్పర్శ పోయింది. దేశంలో నిర్మూలన సాధించామని 2005 చివర ప్రకటించాక కూడా నా రిజిస్టరులో కొత్త పేర్లు రాశాను. అందుకే ఆదివారం ఆదివారం ఒళ్ళంతా చూసుకో. పాలిపోయిన మచ్చ మీద దూదితో తాకితే తెలియకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించు. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. నీకు వస్తుందని కాదమ్మా. ఆ కుర్రవాడి పాదం నా కళ్ళ ముందు నుంచి పోదు.

మీ అమ్మ నీ పెట్టెలో తెల్లబడే క్రీము పెట్టిందట. ఎండకు నల్లబడితే పెళ్ళి సంబంధాలు ఎలా అని ఆమె దిగులు. ఆ డబ్బా వెనక చదువు. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిసిన క్రీమయితే అది మంగుకు డాక్టరు లెక్కపెట్టి ఇచ్చే మందు, రోజూ పూసుకునే క్రీము కాదు. అలా పూసుకుంటే ముఖం ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండ సోకితే మండుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్ళినా బొబ్బలెక్కుతాయి. సన్‌స్క్రీన్ కొనుక్కో, ఎస్‌పీఎఫ్ 30 చాలు. ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవున తీసి, కవాతుకు పావుగంట ముందు రాయి, విరామంలో మళ్ళీ రాయి. అయినా నల్లబడతావు. నల్లబడు. మా అమ్మ రంగు అది, వరి చేలో ఆమె నడుస్తుంటే అందరూ తలెత్తి చూసేవాళ్ళు.

వచ్చే ఆదివారం బస్సుకు వస్తున్నాను. ఎనిమిది జతలూ నేనే కొని తెస్తాను, మీ అమ్మను కొనవద్దని చెప్పు. ఆ గీతలు నేనిచ్చిన ట్యూబు వల్లేనని ఆమెకు ఇప్పటికీ తెలియదు. వచ్చాక నేనే చెబుతాను. అందాకా నువ్వు చెప్పకు.

మీ అత్తయ్య