సిద్దిపేట నుంచి కొండాపూర్‌కి అమ్మ ఒక్కతే బస్సుల్లో రాగలదా?

అరవై దాటిన మీ అమ్మగారు సిద్దిపేట నుంచి హైదరాబాద్ కొండాపూర్‌లో మీ ఇంటికి ఒంటరిగా వస్తారు, సికింద్రాబాద్‌లో జిల్లా బస్సులు ఆగే జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ప్రతిసారీ క్యాబ్ అంటే భారమవుతోంది, సిటీ బస్సుల్లో రాగలరా అని అడిగారు. రాగలరండి. మా అమ్మ కరీంనగర్ నుంచి రెండేళ్లుగా ఇదే దారిలో వస్తోంది. కాకపోతే మొదటి రెండుసార్లు మీరు పక్కన ఉండాలి.

ఊళ్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కమనండి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, సిటీలో అయితే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాల్సిందే. ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉండాలి, జిరాక్స్ వద్దు. ఉచితమే కదా అని ఊరుకోకుండా జీరో టికెట్ అడిగి తీసుకోవాలి.

జేబీఎస్‌లో దిగగానే బాత్రూమ్‌కి అక్కడే వెళ్లి రమ్మనండి. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా దారిలో మాకు అనువైన చోటు దొరకలేదు. ఈ బాధ ఎవరికీ చెప్పుకోలేక అమ్మ ఒకసారి కరీంనగర్‌లో ఎక్కింది మొదలు మంచినీళ్లే ముట్టలేదట. ఇంటికొచ్చాక ఆ మాట చెబితే నాకు ప్రాణం ఉసూరుమంది.

జేబీఎస్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి సిటీ బస్సులు బాగానే ఉంటాయి. స్టేషన్ దగ్గర కొండాపూర్ వెళ్లే 10హెచ్ ఎక్కాలి. అసలు తికమక ఇక్కడే. అన్ని బస్సులూ ఒకేచోట ఆగవు, రూటును బట్టి స్టాపులు మారతాయి. మీరు ఆ స్టాపులోనే అమ్మగారిని నిలబెట్టి, ఎదురుగా ఏ కొట్టు ఉందో గుర్తు పెట్టించండి. మా అమ్మకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. హెచ్ అంటే రెండు నిలువు కర్రలు, మధ్యలో ఒక అడ్డకర్ర కాబట్టి "పది, పక్కన నిచ్చెన" అని చెప్పాను. ఇప్పుడు బస్సు ఇంకా దూరంగా ఉండగానే నిచ్చెన కనిపెట్టేస్తుంది.

ఒక వాన సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాకు దెబ్బ తగిలింది. షెల్టర్ ముందు ఆటోలు వరసగా నిలిపేశారు. దాంతో బస్సు ఇరవై అడుగులు ముందుకెళ్లి నడిరోడ్డు మీద ఆగింది. అందుకోవాలని అమ్మ పరుగెత్తింది. చెప్పు జారి పడి మోకాలు గీరుకుపోయింది. నేను గొడుగు పట్టుకుని వెనకే ఉన్నా ఆపలేకపోయాను. షెల్టర్ కట్టాక దాని ముందు బస్సు ఆగేంత జాగా ఖాళీగా ఉంచకపోతే ఆ షెల్టర్ పెద్దవాళ్లకు ఎందుకూ కొరగాదు. అప్పటి నుంచి అమ్మకు ఒకటే చెప్పాను: బస్సు పోతే పోనీ, పరుగెత్తొద్దు, ఇంకోటి వస్తుంది.

ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య దారిలో వచ్చే మాదాపూర్ వైపు రానివ్వకండి, కాలు పెట్టే చోటుండదు. పదకొండు తర్వాత జేబీఎస్ చేరేలా బయల్దేరితే చాలావరకు సీటు దొరుకుతుంది.

మెట్రో రైలు కూడా ఉందిగా అంటారేమో. జేబీఎస్ దగ్గర్లోని పరేడ్ గ్రౌండ్ స్టేషన్ నుంచి హైటెక్ సిటీకి రైలు మారకుండా రావచ్చు, త్వరగా వస్తుంది కూడా. కానీ టికెట్ కొనాలి, దిగాక కొండాపూర్‌కి మళ్లీ ఆటో చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న రోజు మా అమ్మను దాంట్లోనే రమ్మంటాను.

బస్సెక్కగానే "కొండాపూర్ వచ్చాక చెప్పు బిడ్డా" అని కండక్టర్‌కి చెప్పమనండి. మా అమ్మ అడిగిన ప్రతిసారీ పిలిచి మరీ దింపారు.