రిపోర్ట్ నార్మల్, నొప్పి మాత్రం తగ్గలేదు

అమ్మడూ,

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారట, అయినా రొమ్ములో పోటు తగ్గలేదట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా ఉద్యోగమంతా ఆడవాళ్ల వార్డుల్లోనే గడిచింది కాబట్టి నా దగ్గర మొహమాటం వద్దు.

రిపోర్ట్ నార్మల్ అంటే నీ నొప్పి అబద్ధమని కాదు. నీ వయసులో గడ్డ లేకుండా ఒట్టి నొప్పే ఉంటే క్యాన్సర్ కావడం చాలా అరుదు. మామోగ్రామ్ తియ్యలేదని బెంగపడకు. చిన్న వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది, అందుకే ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు.

ముందు నొప్పి రొమ్ములోనా, దాని వెనక పక్కటెముకల్లోనా చూసుకో. ఒక పక్కకి ఒరిగి పడుకుంటే రొమ్ము అటు జారుతుంది. అప్పుడు పక్కటెముకలు ఛాతీ మధ్య ఎముకని కలిసే చోట వేలితో మెల్లగా నొక్కు. "అమ్మో, ఇదే!" అనిపిస్తే చాలావరకు అది ఎముకల దగ్గర వాపే. గట్టిగా ఊపిరి పీల్చినా, చెయ్యి తిప్పినా ఎక్కువవుతుంది. పీజీ హాస్టల్ మంచం మీద ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని వంగి కూర్చుంటావు, ఆ బండ బ్యాగు ఒకే భుజానికి తగిలించుకుని మారతహళ్లి నుంచి సిల్క్‌బోర్డు దాకా బస్సులో నిలబడతావు. నొప్పి రాకేం చేస్తుంది!

అలా కాక, రెండు రొమ్ములూ బరువెక్కి, చంక దాకా లాగుతూ, పీరియడ్స్ రాగానే తగ్గిపోతుంటే అది హార్మోన్ల పని. రెండు మూడు నెలలు ఫోన్‌లో రాసుకో: ఏ రోజు, ఏ పక్క, పదికి ఎంత నొప్పి. డాక్టర్‌కి అది బాగా పనికొస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే దాచకు, వాటివల్లా రావచ్చు. పీరియడ్స్ తప్పితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో. మీ అమ్మకి చెప్పనులే.

ఎలాస్టిక్ సాగిపోయిన బ్రాలు పారెయ్. కొలత చూసుకుని కొత్తవి కొనుక్కో. నొప్పికి పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ గురించి డాక్టర్‌ని అడుగు. ప్రిమ్‌రోజ్ ఆయిల్, విటమిన్ ఇ గోళీలు నా దృష్టిలో డబ్బు దండగ. కాఫీ మానమనేవాళ్లూ ఉంటారు, దానికీ గట్టి రుజువు లేదు. ఒక నెల మానేసి చూడు, తేడా లేకపోతే హాయిగా తాగు.

గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చనుమొన లోపలికి పోయినా, చర్మం సొట్టపడినా, ఎర్రబడి జ్వరం వచ్చినా పాత రిపోర్టు చూసుకుని ఊరుకోకు, మళ్లీ చూపించుకో. ఛాతీ బిగబట్టినట్టయి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా గ్యాసేమోనని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి. బెంగళూరులో పేరున్న జయదేవ గుండె ఆసుపత్రికే వెళ్లాలని చూడకు, దగ్గర్లో ఏ ఎమర్జెన్సీ ఉంటే అక్కడికే.

లేడీ డాక్టరే కావాలంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగు. ముందువైపు బటన్లుండే కుర్తా వేసుకెళ్లు. తోడు కావాలంటే శనివారం పెట్టుకో, జయనగర్ నుంచి నేనొస్తాను.

పిన్ని