990 డాలర్ల కోసం 12,000 డాలర్ల అప్పు

ప్రశ్న: మేము ఇల్లినాయిస్‌లో, నేపర్‌విల్‌లో ఉంటాం. నాది హెచ్-1బి ఉద్యోగం, నా భార్య హెచ్-4లో ఉంది, పని చేయడానికి లేదు. బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడు. డిసెంబర్ 31 లోపు, పిల్లల చదువుకి దాచే 529 ప్లాన్‌లో వేస్తే స్టేట్ టాక్స్ కలిసొస్తుందని మా వాట్సాప్ గ్రూపులో అనుకుంటుంటే, ఇల్లినాయిస్ వాళ్ళ 529 ప్లాన్ బ్రైట్ స్టార్ట్‌లో పిల్లలిద్దరి పేరా కలిపి 20,000 డాలర్లు వేశాం. అందులో 8,000 మా సేవింగ్స్. మిగతా 12,000కి 13 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ తీసుకున్నాం. ఇప్పుడు టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుంటే అది 1099-క్యూ అడుగుతోంది. మాకు అలాంటి ఫారం ఏదీ రాలేదు. పైన కనిపించే ఫెడరల్ రీఫండ్ ఒక్క డాలర్ కూడా కదల్లేదు. ఇండియానాపోలిస్‌లో ఉన్న మా ఫ్రెండ్‌కి మాత్రం 1,500 తగ్గిందట. మేం ఎక్కడ తప్పు చేశాం? రీఫండ్ వస్తే దాన్ని కూడా 529లోనే వేద్దామనుకుంటున్నాం. ఎమర్జెన్సీకి బ్యాంకులో 3,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు లిమిట్ 30,000 దాకా ఉంది.

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది చివరి వాక్యం. ఏటా డిసెంబర్, జనవరిల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పిల్లల చదువు, టాక్స్ ఆదా అన్న రెండు మాటలు ఒకేచోట వినిపిస్తే చాలు, మనవాళ్ళు చేతిలో డబ్బు ఉందా లేదా అని చూసుకోరు. అందుకే దీనికి నలుగురూ చదివేలా జవాబు రాస్తున్నాను.

ముందు సాఫ్ట్‌వేర్. 529లో వేసిన డబ్బుకి ఫెడరల్ రిటర్న్‌లో ఏ తగ్గింపూ లేదు. అందుకే ఆ రీఫండ్ అంకె కదల్లేదు, కదలదు కూడా. 1099-క్యూ అనేది ప్లాన్‌లోంచి డబ్బు బయటికి తీసినవాళ్ళకి వచ్చే ఫారం. మీరు తీయలేదు కాబట్టి రాలేదు. ఆ పేజీ ఖాళీగా వదిలేసి ముందుకెళ్ళండి. కొందరు ఎక్కడో ఒకచోట వేయాలి కదా అని కట్టిన 20,000 తీసుకెళ్ళి అక్కడ నింపుతారు. సాఫ్ట్‌వేర్ పాపం అది తీసుకున్న డబ్బే అనుకుని, ఏ కాలేజీకి ఖర్చు పెట్టారని అడుగుతుంది. లాభం గడిలో అంకె పడితే దాని మీద టాక్స్ కూడా లెక్కేస్తుంది.

ఫెడరల్ భాగం పూర్తయ్యాక ఇల్లినాయిస్ భాగం తెరవండి. ఆదాయంలోంచి తీసివేతలు అడిగే చోట బ్రైట్ స్టార్ట్ పేరు విడిగా ఉంటుంది. అక్కడ 20,000 వేయండి. టర్బోటాక్స్ అయినా, హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అయినా, ఫ్రీటాక్స్‌యూఎస్ఏ అయినా దారి ఇదే. కట్టినందుకు ఏ ఫారమూ ఇంటికి రాదు. ప్లాన్ వెబ్‌సైట్‌లో ఉన్న డిసెంబర్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, స్టేట్ వాళ్ళు అడిగితే చూపించాల్సింది అదే. మీరు వేసిన అంకె నిజమో కాదో సాఫ్ట్‌వేర్ చూడదు. పక్క రాష్ట్రం ప్లాన్‌లో కట్టి బ్రైట్ స్టార్ట్ గడిలో వేసినా మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. ఇల్లినాయిస్ మాత్రం ఒప్పుకోదు, ఇక్కడ సొంత రాష్ట్రం ప్లాన్‌లకే తగ్గింపు. పంపేముందు ఇల్లినాయిస్ రిటర్న్‌లో ఈ తీసివేతలు చూపే ఫారం, షెడ్యూల్ ఎం, పీడీఎఫ్ తెరిచి ఆ 20,000 నిజంగా అందులో పడిందో లేదో కళ్ళతో చూసుకోండి. స్టేట్ రిటర్న్‌కి సాఫ్ట్‌వేర్ విడిగా డబ్బు అడుగుతుంటే, స్టేట్ వాళ్ళ సొంత వెబ్‌సైట్ మైటాక్స్ ఇల్లినాయిస్‌లో అదే రిటర్న్ ఉచితంగా వేసుకోవచ్చు.

ఇక ఇందులో మీకు ఒరిగేదెంత? ఇల్లినాయిస్ టాక్స్ 4.95 శాతం. జాయింట్ రిటర్న్‌కి ఏడాదికి 20,000 దాకా తగ్గింపు, అది రిటర్న్ మొత్తానికి, పిల్లాడికొకటి చొప్పున కాదు. అంటే 990 డాలర్లు. మీ ఫ్రెండ్ ఉన్న ఇండియానాలో పద్ధతే వేరు. అక్కడ కట్టినదాంట్లో 20 శాతం నేరుగా టాక్స్‌లోంచే కొట్టేస్తారు, 7,500 కడితే 1,500 దాకా. మీకు తగ్గేది టాక్స్ లెక్కేసే ఆదాయం, ఆయనకి తగ్గింది టాక్సే. గ్రూపులో ఒకాయన తనకి ఇంత వచ్చిందంటే ముందు ఆయన ఏ రాష్ట్రంలో ఉన్నాడో అడగాలి. కాలిఫోర్నియాలో ఉంటే సున్నా. టెక్సాస్‌లో అసలు ఆ టాక్సే లేదు.

ఆ 990లో మీ సొంత 8,000 వల్ల వచ్చేది 396. అప్పు చేసి వేసిన 12,000 వల్ల వచ్చేది 594. ఆ 12,000కి 13 శాతం మీద నెలకి 404 చొప్పున మూడేళ్ళు కడితే వడ్డీయే దాదాపు 2,550 డాలర్లు. లోన్ ఇచ్చేటప్పుడు ముందే ఫీజు పట్టుకుని ఉంటే అది అదనం. 594 కోసం 2,550. దీన్ని ఆదా అని ఎవరు చెప్పారండీ మీకు? 529లో మార్కెట్ పెరుగుతుందిగా అంటారేమో. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. 13 శాతం మాత్రం మార్కెట్ ఎలా ఉన్నా కట్టాల్సిందే. చదువుకోవాల్సినవాడు ఇంకా ఒకటో తరగతిలో ఉన్నాడు. వాడి కాలేజీకి ఈ డిసెంబర్‌లోనే అప్పు తెచ్చి పోయాల్సినంత తొందర ఏమొచ్చింది?

ఇప్పుడు ఆ 3,000 సంగతి. మీ ఇంటి ఖర్చు ఎంతో రాయలేదు. అద్దె, కారు, ప్రీస్కూల్ కలిపితే నేపర్‌విల్‌లో నలుగురికి నెలకి 6,500 అనుకుందాం. మీ ఎమర్జెన్సీ డబ్బు రెండు వారాలు కూడా రాదు. అమెరికాలో పుట్టి పెరిగినవాడికి ఉద్యోగం పోతే జీతం పోతుంది, అంతే. మీకు జీతంతో పాటు గడియారం కూడా మొదలవుతుంది. హెచ్-1బి వాళ్ళకి గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకుముందే అయిపోతే అదీ లేదు. ఇంట్లో రెండో జీతం లేదు. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోతే కోబ్రా కింద కొనసాగించుకోవచ్చు కానీ, అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి. పిల్లలున్న కుటుంబానికి నెలకి 2,000 దాటడం మామూలే. ఆ రెండు నెలల్లో మీరు ఇంటర్వ్యూల మీద మనసు పెట్టాలా, అద్దె ఎక్కణ్నుంచి తేవాలా అని చూడాలా? డబ్బు టెన్షన్‌లో మొదట దొరికిన తక్కువ జీతానికి తలూపినవాళ్ళని ప్రతి లేఆఫ్‌ల సీజన్‌లోనూ చూస్తున్నాను.

క్రెడిట్ కార్డు లిమిట్‌ని ఎమర్జెన్సీ లెక్కలో రాశారు. దయచేసి కొట్టేయండి. అది మీ డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. లిమిట్ తగ్గించాలనుకుంటే బ్యాంకు మిమ్మల్ని అడిగి తగ్గించదు. పర్సనల్ లోన్ వాయిదా నడుస్తూ, జీతం ఆగిపోయి, ఇంటి సరుకులు 20 శాతం పైన వడ్డీ ఉన్న కార్డు మీద కొనే స్థితికి వస్తే, దాన్నుంచి బయటపడటానికి ఏళ్ళు పడుతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఈసారి స్టేట్ రిటర్న్‌లో 20,000 తగ్గింపు తీసుకోండి, నిజంగా కట్టారు కాబట్టి అది మీ హక్కు. తర్వాత లోన్ ఇచ్చినవాళ్ళని ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉందా అని అడగండి. పెనాల్టీ లేదని వాళ్ళు చెబితే 529లోంచి లోన్ బాకీకి సరిపడా తీసి అప్పు మూసేయండి. అవును, 529లోంచి తీయమనే చెప్తున్నాను. మూడు వాయిదాలు కట్టి ఉంటే బాకీ 11,170 దాకా ఉంటుంది, ఇంకా కట్టాల్సిన వడ్డీ 2,170 దాకా. తీసినదాంట్లో మీ అసలుకి ఫెడరల్ టాక్స్ లేదు. లాభం వాటాకి మాత్రం టాక్సూ, దాని మీద 10 శాతం అదనమూ పడతాయి. మూడు నెలల్లో 300 డాలర్ల లాభం వచ్చిందనుకున్నా అది వందా నూట పాతిక. ఇల్లినాయిస్ కూడా ఇచ్చిన తగ్గింపుని వెనక్కి తీసుకుంటుంది, ఓ 550. మొత్తం 700 లోపే. ఉన్న లోన్‌ని అలాగే లాగడం కన్నా 1,500 దాకా నయం. వచ్చే జనవరిలో అప్పుడు 1099-క్యూ వస్తుంది, అది ఫెడరల్ భాగంలో వేయాలి. ఇల్లినాయిస్ భాగంలో పాత తగ్గింపు తిరిగి కలపాలా అని అడిగే ప్రశ్నని మాత్రం దాటేయకండి. చాలామంది దాటేసేది దాన్నే, నోటీసు వచ్చేదీ దానికే.

మీ సొంత 8,000 ప్లాన్‌లోనే ఉండనివ్వండి. రీఫండ్ వస్తే 529లోకి వద్దు. అదీ, ఇకపై మిగిలే 404 వాయిదా డబ్బూ కలిపి వడ్డీ బాగా ఇచ్చే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్ళాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 39,000 పోగయ్యే దాకా 529లోకి కొత్తగా డాలర్ కూడా వెళ్ళకూడదు. మీ కంపెనీ 401కె రిటైర్మెంట్ ఖాతాలో మీతో పాటు తన వాటా (మ్యాచ్) వేస్తుంటే అది మాత్రం వదలకండి. అక్కణ్నుంచి లోన్ తీసే ఆలోచన కూడా పెట్టుకోకండి. ఉద్యోగం పోతే ఆ బాకీ తొందరగా తీర్చాల్సి వస్తుంది. ఆఫీసు గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ తప్ప వేరే పాలసీ లేకపోతే విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకోండి.

రేపు డాలస్ వెళ్ళిపోయినా బ్రైట్ స్టార్ట్ ఖాతా అలాగే కొనసాగించవచ్చు. వేరే రాష్ట్రం ప్లాన్‌కి మార్చకండి, మారిస్తే ఇల్లినాయిస్ మిగిలిన ఆ తగ్గింపుని కూడా వెనక్కి అడగొచ్చు.